సూదంటే భయం

"నలభై మందిని కూర్చోబెట్టి బస్సు నడిపినవాడివి, రక్తం ఇవ్వడానికి తోడు కావాలా బావా?" ల్యాబు బెంచీ మీద పగలబడి నవ్వాడు టైలరు.

"సూదంటే భయంరా. ముందు నువ్వు ఇయ్యి. చూసి ధైర్యం తెచ్చుకుంటా."

"రోజంతా సూదితో బతికేవాణ్ణి, నాకేం లెక్క!" అంటూ టైలరు చొక్కా చెయ్యి మడిచాడు. అరవై దగ్గరపడుతున్నా ప్రోస్టేట్ పరీక్ష అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. రాత్రి ఎన్నిసార్లు బాత్రూముకి లేచినా, నీళ్ళు ఎక్కువ తాగానంటాడు.

రక్తం తీశాక నర్సు బావ వైపు తిరిగింది. "మీ ప్రోస్టేట్ రక్తపరీక్ష పోయిన నెలే చేశాంగా, అంతా బాగుందన్నాంగా! మళ్ళీ ఎందుకొచ్చారు?"

బావ తలెత్తి ఫ్యాను చూడసాగాడు.

టైలరు దూది నొక్కుకుంటూ అడిగాడు. "అక్క చెప్పిందా?"

"మీ ఆవిడ మీ అక్కకి చెప్పింది, మీ అక్క నాకు చెప్పింది. నీకు చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు."

"మరి పోయిన నెల నిన్నెవరు లాక్కొచ్చారు?"

"మా పాత కండక్టరు. సూదంటే భయం, తోడు రమ్మన్నాడు వెధవ."

టైలరు నవ్వాపుకోలేక ఫోను తీశాడు. తన కొట్టు పక్కనే ఉండే, అరవై దాటిన ఇస్త్రీ ఆయనకి చేశాడు. "అన్నా, రేపు రక్తపరీక్షకి తోడొస్తావా? నాకు భయంగా ఉంది."

"టైలరువి, నీకు సూదంటే భయమా?"

"సూదంటే కాదన్నా," అన్నాడు టైలరు. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.