డిక్కీలో చప్పుడు

నన్ను ముంచినవాడు మా తోడల్లుడు గురునాథరావు. స్టీలు ప్లాంటు వస్తోంది, టాక్సీకి గిరాకీ ఉంటుందని నమ్మించి, నా పొలం రాయించుకుని తన పాత అంబాసిడర్ అంటగట్టాడు. తీరా చూస్తే డిక్కీలో టకటకమని ఒకటే చప్పుడు. ఒకసారి ఎక్కినవాడు మళ్ళీ ఎక్కడం లేదు.

జాకీకి గోనెపట్ట చుట్టాను. స్టెప్నీ దించేశాను. మూతకు కొత్త రబ్బరు వేయించాను. చప్పుడు పోలేదు. లోపల పడుకుని వింటేనే దాని చోటు దొరుకుతుందని మెకానిక్ వరహాలు అన్నాడు. రోడ్డు సద్దుమణిగాక టార్చిలైటుతో డిక్కీలోకి దూరాడు. మూత వేసి పద్మనాభం రోడ్డు మీద నెమ్మదిగా నడిపాను. ఒక ఫర్లాంగు దాకా టకటకమంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. తర్వాత మూడు మైళ్ళు ఇంజను తప్ప ఇంకేమీ వినపడలేదు. దొరికిందనుకుని బండి ఆపి, ఇంజను కట్టేసి మూత తీశాను.

వరహాలు ఒక మూలకు ముడుచుకుని ఉన్నాడు.

"ఇంత జాగా ఉంటే ఆ మూల నక్కినావేటి బావా?"

"నువ్వే కదేటి జరగమన్నావు."

"నాను బండి నడుపుతన్నాను."

వాడు పక్కనున్న ఖాళీ జాగా మీదికి టార్చి వేశాడు. 

"మరి జరగమన్నదెవులు? నాను జరిగినాకే సప్పుడాగింది."

దిగాడు. ముందు సీట్లో కూర్చోమన్నా వినకుండా ఊరివైపు నడిచిపోయాడు. నేను మూత వేశాను. ఆగి ఉన్న బండిలో మళ్ళీ టకటకమంది.

బండిని అక్కడే వదిలేసి వాడి వెనక పోదామని రెండడుగులు వేశాను. పోలేకపోయాను. దానికోసం నేను ఇచ్చింది ఎకరా పదిహేడు సెంట్లు.