సైరి జడ కొసలు

దుప్పట్ల మూటతో ఒతవాలో ఊరి సంతకు బయలుదేరుతున్న తండ్రి జడను తోవా వెనక నుంచి పట్టుకుంది. ఆమె చేతిలో కత్తెర ఉంది.

"కదలకు నాన్నా. కొసలన్నీ చిట్లిపోయాయి. నాలుగు వేళ్లంత కత్తిరించకపోతే పైదాకా పాకుతుంది."

"పాకనీ," అన్నాడు సైరి.

"ఊళ్లో మగాళ్లందరి జడలూ నున్నగా ఉంటే నీదొక్కటే చీపురులా ఉంది. అమ్మ ఉంటే ఊరుకునేదా?"

సైరి మూట దించాడు.

"పైనున్నదంతా మీ అమ్మ పోయాక పెరిగిందే. ఆమె దువ్వి అల్లిన జుట్టు ఇక ఆ నాలుగు వేళ్లే మిగిలింది."

తోవా కత్తెర గూట్లో పెట్టి నూనె సీసా తెచ్చింది.

"కూర్చో. ముందు కొసలే దువ్వాలి. పైనుంచి లాగితే తెగుతాయి."

సైరి కూర్చున్నాడు.

"మెల్లగా," అన్నాడు.