కరెంటు విచారణలో భోజన విరామం

“గరిష్ఠ ధర ఎత్తేస్తే నా ఐస్ ఫ్యాక్టరీకి తాళం పడతది, మేడమ్” అన్నాడు కలీముల్లా.

“ఉంచితే మా ప్లాంటుకు పడుతుందండీ” అంటూ పక్క వరుసలోంచి రామ్మోహనరావు లేచాడు.

విద్యుత్ నియంత్రణ మండలి సికింద్రాబాద్‌లో బహిరంగ విచారణ జరుపుతోంది. టోకు మార్కెట్లో కరెంటు అమ్మేవాళ్లు యూనిట్‌కు ఇంతకు మించి అడగకూడదని మండలి ఒక పరిమితి పెట్టింది. ఈ వేసవికి దాన్ని ఉంచాలా, ఎత్తేయాలా అన్నదే విచారణ. సీతాఫల్‌మండిలో ఐస్ ఫ్యాక్టరీ నడిపే కలీముల్లా ఆ మార్కెట్లో కొంటాడు. గ్యాస్‌తో కరెంటు తయారుచేసే రామ్మోహనరావు అక్కడే అమ్ముతాడు.

“దోచుకోనీకి పర్మిషన్ అడుగుతున్నరు” అన్నాడు కలీముల్లా.

“మీరు ఐస్ నష్టానికి అమ్ముతారా?”

అధ్యక్షురాలు శ్రీలలిత ఇద్దరినీ కూర్చోమంది. భోజనాలయ్యాక ఒక్కొక్కరు ఒక్కసారే మాట్లాడాలని, ఆ మాటే రికార్డుకు ఎక్కుతుందని చెప్పింది.

వరండాలో ఫ్యాను కింద ఒకటే బల్ల ఖాళీగా ఉంది. ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు. రామ్మోహనరావు భోజనం తెచ్చుకోలేదు. కలీముల్లా తన టిఫిన్ డబ్బా విప్పాడు. డబ్బా మూతలో ఖిచిడీ పెట్టి, చింతపండు ఖట్టా పోసి అటు జరిపాడు.

“దుష్మన్ పెట్టిండని వదిలేయకుండ్రి, రావుసాబ్. వండింది మా ఇంటామె.”

తింటూ రామ్మోహనరావు ప్లాంటు సంగతి చెప్పాడు. గ్యాస్ ఖర్చే పరిమితిని దాటిపోతోంది. నడిపితే నష్టమని ప్లాంటు ఆపేశాడు. పనివాళ్లకు సగం జీతాలిస్తున్నాడు, అవి కూడా ఎన్నాళ్లివ్వగలడో తెలియదు. కలీముల్లా ఐస్ సంగతి చెప్పాడు. కరెంటు ధర పెరిగితే ఐస్ ధర పెంచాలి. పెంచితే చేపలమ్మే ఆడవాళ్లు ఐస్ తక్కువ కొంటారు. మధ్యాహ్నానికి సరుకు పారబోసుకుంటారు.

“రేపటి నుంచి పనికి రావద్దని ఎవరికైనా చెప్పారా ఎప్పుడన్నా?” అని అడిగాడు రామ్మోహనరావు.

“చెప్పిన. పాల్ అని, మా ఆపరేటర్. ఇప్పటికీ ఆయన ఉండే గల్లీలకెళ్లి పోను.”

రామ్మోహనరావు మూతలోని చివరి ముద్ద తీసుకున్నాడు. “నాకు అలాంటి గల్లీలు చాలా అయ్యేలా ఉన్నాయి.”

మూత కడిగి తెచ్చి ఇచ్చాడు. కలీముల్లా నమాజుకు వెళ్లాడు.

మసీదులో వరుసలో నిలబడ్డా అతని మనసు ఆ ప్లాంటు గేటు దగ్గరే ఉంది. తన ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు ఆపేసి, మారేడ్‌పల్లిలో ఉన్న స్థలం అమ్మేస్తే ఈ వేసవి గట్టెక్కవచ్చు. ఆ పైన ఏమవుతుందో అతనికి తోచలేదు.

తిరిగొచ్చేసరికి హాల్లో రామ్మోహనరావు కుర్చీ ఖాళీగా ఉంది. అదే మంచిదనుకున్నాడు. మనిషి ఎదురుగా ఉంటే దయ చూపించినట్టుంటుంది.

పేరు పిలిచారు. లేచి నిలబడ్డాడు.

“పరిమితి ఎత్తేయుండ్రి, మేడమ్. నా తక్లీఫ్ నేను చూసుకుంటా. బందైన ప్లాంట్లు షురూ కానీయుండ్రి.”

శ్రీలలిత రాస్తున్న పెన్ను ఆపింది.

“కలీముల్లాగారూ, మీరు నమాజుకు వెళ్లినప్పుడు రామ్మోహనరావుగారు తన మాట చెప్పి వెళ్లిపోయారు. పరిమితి ఉంచమన్నారు.”