డాక్టరు దిష్టి

"ఏమే సిద్దికా, నిగనిగలాడే ఎర్రకాయని తాలులో వేశావేం?" మిర్చి కల్లంలో కూతురి పక్కనే కూర్చుని, తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న అమీర్‌బీ కసిరింది.

"తేలిగ్గా తగిలిందమ్మా."

"రంగు చూడక్కర్లేదా?"

"కనపడితేగా! నెల్నాళ్ళుగా చేత్తో తూచే వేస్తున్నా."

అమీర్‌బీ చేతులు ఆగిపోయాయి. గుంటూరు కంటి డాక్టరు రెణ్ణెల్ల కిందటే చెప్పాడు. "ఒళ్ళు పెరిగి, తలలో ఒత్తిడి పెరిగి, అమ్మాయి కంటినరం వాచింది. మందులు వాడి బరువు తగ్గకపోతే చూపు పోతుంది."

నిండుగా ఉన్న పిల్లకి దిష్టి పెట్టాడని అమీర్‌బీ ఆయన్నే తిట్టింది. మందుల చీటీ చించేసి, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది.

"నాకు చెప్పొద్దా తల్లీ?"

"దిష్టి తీశావుగా, తగ్గుద్దనుకున్నా." తల్లి గొంతు వచ్చిన వైపు తల తిప్పింది సిద్దికా. "ఇంకోసారి తీయమ్మా."