ఫ్యాను గాలి

“ఆ ఫ్యాను ముట్టద్దన్ననా?” అన్నాడు పరుశురాం.

అన్నం మధ్యలో లేచి స్విచ్ మీద చెయ్యి పెట్టిన కోడలు కరుణ ఆగిపోయింది. సూరత్ పక్కన కిమ్‌లో, మే నెల ఉక్కలో, నలుగురూ చెమటలు కక్కుతూ అన్నం తింటున్నారు. మూడు రోజులుగా ఇదే శిక్ష.

“షెడ్డుల ఫ్యానేస్తే ఇంట్ల మేమెందుకు మాడాలె మామా?”

“నీ మొగనికి గాలంటే అంత పానమాయె గద. జర ఉక్కల కూసోని నేర్చుకోనీ.”

నరేశ్ తలెత్తలేదు. వాళ్ల వెల్డింగ్ షెడ్డులో ముప్పై ఏళ్లుగా టార్చ్ పట్టి అతుకులేసేది పరుశురామే. పైపులు కోసి, జత చేసి అందించేది నరేశ్. పాల డెయిరీకి చేసిన స్టీలు పైపులు మూడోసారి వాపసొచ్చాయి. అతుకుల నిండా సూదిమొనంత చిల్లులు. ఇంకొక్కసారి వస్తే పని వేరేవాళ్లకిస్తానని డెయిరీ సేఠ్ మొహం మీదే చెప్పిపోయాడు.

“చెప్పురా. ఆ చిల్లులెట్ల పడ్డయి?”

“చెప్పిన గద బాపు. ఉక్కపోస్తుందని ఫ్యానేసిన. అతుకు మీది ఆర్గాన్ గ్యాసు కొట్టుకపోయింది.”

“మూడుసార్లా?”

“మూడుసార్లూ నాదే తప్పు.”

“ఆర్గాన్ కప్పుకున్నంత సేపే అతుకు. గాలి తగిలినా, టార్చ్ వేలెడు పైకి లేచినా చిల్లే. పదేండ్ల సంది నా పక్కన నిలవడ్డవ్, గిది తెల్వదా? నిజం చెప్పు.”

“నిజమే చెప్తున్న.”

పరుశురాం చేతిలోని గ్లాసు కోపంతో వణికి కంచానికి టకటకా కొట్టుకుంది. అత్త బాలవ్వ ఎప్పటిలాగే సగం గ్లాసే పోసిన మజ్జిగ కూడా తొణికి లుంగీ మీద పడింది. ఆమె కొంగుతో తుడవబోతే చెయ్యి నెట్టేశాడు.

కరుణకు ఒళ్లు మండిపోయింది. మామ నోటి మీద, తప్పంతా నెత్తినేసుకున్న మొగుడి మీద.

“ఇన్ని మాటలు పడుకుంట ఎందుకుండుడు? రేపే వేరే పని చూస్కో.”

“నువ్వు ఊకో,” అన్నాడు నరేశ్. “బాపు అననీ.”

ఆ మాటతో పరుశురాం కంచం జరిపి లేచాడు. కొట్టబోతున్నాడేమో అనుకుంది కరుణ. అతను గోడ దాకా నడిచి, తనే ఫ్యాను వేశాడు.

“రేపటి సంది టార్చ్ నరేశ్ పడ్తడు,” అన్నాడు మెల్లగా, ముగ్గురికీ వినపడేలా. “పైపులు నేనందిస్త.”

నరేశ్ మొదటిసారి తలెత్తాడు. “ఎందుకు బాపు? ఇగ ఫ్యాను ముట్టనంటున్న గద.”

“నువ్వు మొదటిసారి చెప్పిన దినమే షెడ్డు ఫ్యాను వైరు కోసేసినరా. అయినా చిల్లులు ఆగలే.”