కాకి తన్నిన రోజు

“ఆ తాళాలు తియ్యండి పెద్దమ్మా! ఇనుము పెడితే ఆగేది కాదు ఇది!”

గోవిందమ్మాళ్ వింటేగా! చాపమీద కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్న మూడేళ్ల మనవరాలు పుష్పం గుప్పిట్లోకి తాళాలగుత్తి కుక్కుతూనే ఉంది. కొడుకు లక్ష్మణసామి పిల్ల పళ్లమధ్య గరిటె కాడ పెట్టబోయాడు. నర్సు పొన్నమ్మాళ్ దాన్ని లాగి అవతల పడేసింది.

“నోట్లో ఏమీ పెట్టొద్దన్నా. పట్టి అణచొద్దు. పక్కకు తిప్పుదాం, నురగ బయటికి పోనీ.”

తలకింద మడత పెట్టిన చీర ఉంచి, పిల్లను ఒక పక్కకు ఒత్తిగిలబెట్టింది. దగ్గరున్న చెంబునూ దీపపు సెమ్మెనూ దూరంగా జరిపింది. కాసేపటికి కొట్టుకోవడం తగ్గింది. పుష్పం “అమ్మా” అని మూలిగి నిద్రలోకి జారింది. ఆ పిలుపు విని లక్ష్మణసామి ముఖం తిప్పుకున్నాడు.

తమిళనాట ఆ ఊరికి మోటారు బస్సులు ఇంకా రాని రోజులు. పిల్లను చూడ్డానికి పొన్నమ్మాళ్ విరుదునగర్ ఆసుపత్రి నుంచి కోవిల్‌పట్టి దాకా రైల్లో వచ్చి, అక్కణ్నుంచి ఎద్దులబండిలో నల్లరేగడి దుమ్మంతా తిని వచ్చింది. అరుప్పుకోట్టైలో మగ్గాల ఇంటి ఆడపడుచు. వీళ్లూ తెలుగువాళ్లే కాబట్టి, ఇంట్లో మాట్లాడే తెలుగే ఇక్కడా మాట్లాడింది.

“ఎప్పటినించి వస్తుండాది?”

గోవిందమ్మాళ్ అడకత్తెర అందుకుని గోడకు చేరగిలబడింది. ఊళ్లో ఆమె నోటికి ఎదురు లేదు.

“కాకి తన్నిన దినం నించి! అందుకే గదా ఈ మూర్ఛను కాక్కావలిప్పు, కాకిమూర్ఛ అనేది? అంతా దీనమ్మ ముత్తులక్ష్మి చేసిన నిర్వాకం. కాకికి అన్నం పెట్టను పోతా బిడ్డను వాకిట్లో నేలమీద వదిలేసె. కాకి వచ్చి నెత్తిన తన్నె. పోనీ, తప్పయిందని ఒక మాట అన్నదా? ‘నీ ఒళ్లోనే పెట్టినా గదత్తా, నువ్వు ఊఁ అంటివే’ అని నా మొగం మీదే అబద్దం! అందుకే పంపేసినా. కయత్తారులో పుట్టింట్లో పడుండాది. ఎల్లుండి ఎట్టయాపురంలో వీనికి వేరే పిల్లను చూడను పోతాము.”

“నాకు వద్దంటినే అమ్మా...”

“నువ్వు నోరు ముయ్యిరా.”

పొన్నమ్మాళ్ నిట్టూర్చింది. “పెద్దమ్మా, దీనికీ కాకికీ ఏ సంబందమూ లేదు. అది కాల్-కై వలిప్పు. కాల్ అంటే కాలు, కై అంటే చెయ్యి; కాళ్లూ చేతులూ లాక్కుపోతాయని అరవంలో పెట్టిన పేరు. నోళ్లలో నలిగి నలిగి కాక్కా అయిపోయె. మనోళ్లు దాన్ని కాకిని చేసేసినారు, అంతే.”

గోవిందమ్మాళ్ చేతిలో అడకత్తెర ఆగిపోయింది. ఒక పేరు పట్టుకుని తల్లినీ బిడ్డనూ విడదీసిందా తను? ముత్తులక్ష్మి బండెక్కేటప్పుడు పుష్పం తల్లి కొంగు వదల్లేదు. ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటిగా విప్పింది తనే.

“అయ్యో, ఎంత పాపం చేస్తినే!”

“అయితే బండి కట్టుకోని పోయి పిలుచుకోనొస్తానమ్మా.” లక్ష్మణసామి ఒక్క ఉదుటున లేచాడు.

“ఆగరా! కాకి తప్పు లేదు, సరే. మరి అబద్దం? పాలు పొంగిపోతే ‘పొయ్యికాడ కూచున్నది నువ్వే గదత్తా’ అనేది. పిలిస్తే నేనే పలకలేదనేది. వట్టి అబద్దాలకోరు! అబద్దం చెప్పినానని నా కాళ్లకాడ ఒప్పుకోమను, అప్పుడు రానీ.”

“చెయ్యని తప్పు ఆమె ఒప్పుకోదమ్మా.”

“అయితే ఎట్టయాపురమే.”

లక్ష్మణసామి మళ్లీ కూలబడ్డాడు. పొన్నమ్మాళ్ మాట మార్చింది.

“అన్నా, పాపకు ఇంకో రకం కూడా వస్తుండాదేమో చూసుకోండి. దాంట్లో పడేది లేదు, కొట్టుకునేది లేదు. చూపు ఒక్కచోట నిలిచిపోతుంది. చేతిలోది జారిపోతుంది. మనమేమన్నా అంటే ఊఁ అని కూడా అనొచ్చు. కొంచేపట్లో మామూలైపోతారు. మధ్యలో జరిగింది వాళ్లకు తెలియనే తెలియదు. అప్పుడు కసరొద్దు. నిప్పూ నీళ్లూ దగ్గర లేకుండా చూసుకోని పక్కనే ఉండాల.”

“సుమ్మా, ఊరికే పరాకుగా కూచుంటే అదీ జబ్బేనా!” గోవిందమ్మాళ్ మూతి తిప్పింది.

“మందు సీసా బండిలో ఉండాది, తెస్తా,” అంటూ పొన్నమ్మాళ్ లేచి వెళ్లింది.

గోవిందమ్మాళ్ మళ్లీ వక్క కత్తిరించసాగింది. కొంగు పట్టుకున్న ఆ వేళ్లే కళ్లముందు మెదిలాయి. పోనీ, ఒప్పుకోకపోయినా రానిస్తే? బిడ్డకు తల్లి గదా. కానీ మొగం మీద అంత అబద్ధం ఆడిన మనిషిని ఎలా నమ్మడం?

ఒళ్లో బరువు తోచి కిందికి చూసింది. పుష్పం తన ఒళ్లో నిద్రపోతోంది. అడకత్తెర నేలమీద పడి ఉంది. వక్కముక్కలు చాపంతా చెదిరాయి. గుమ్మంలో పొన్నమ్మాళ్ మందు సీసా పట్టుకుని తననే చూస్తోంది. ఎదురుగా లక్ష్మణసామి కళ్లనిండా నీళ్లు.

“ఎవర్రా బిడ్డను నా ఒళ్లో పెట్టింది? అడిగేది లేదు, చెప్పేది లేదు! అడకత్తెర తగిలుంటే?”

పొన్నమ్మాళ్ వంగి అడకత్తెర తీసి దూరంగా పెట్టింది.

“నిన్నేరా అడిగేది!”

“ఎద్దులకు నీళ్లు పెట్టొస్తా, బిడ్డను పట్టుకోమని నేనే ఇస్తిని...” లక్ష్మణసామి కళ్లు తుడుచుకున్నాడు.

“నువ్వు ఊఁ అంటివమ్మా.”