కుడితిలో ఆకు

చర్నాకోల మూడోసారి లేచేసరికే తోటమాలి బుల్లయ్య వీపు చిట్లింది. నాలుగో దెబ్బకు పొగాకు కంపెనీ బంగళా ముందున్న క్రోటన్ మొక్కల్లో బోర్లా పడ్డాడు.

“నీ మొక్కలు తొక్కిందని నా ఎద్దునే చంపుతావురా?” అన్నాడు ఆదెయ్య.

పొద్దున కూర చల్లారిందని కంచం తన్ని మిరప చేలోకి పోయాడు ఆదెయ్య. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఎద్దు నురగ కక్కుతూ కాళ్లు కొట్టుకుంటోంది. చూస్తుండగానే పోయింది. కుడితి తొట్టి దేవితే అడుగున మెతుకుల్లో సన్నటి పొడవాటి ఆకు దొరికింది. పక్కనే ఉన్న బంగళా కంచె పొడుగునా గన్నేరు మొక్కలే. నిన్న ఎద్దు కంచె దూరి క్రోటన్లు తొక్కితే బుల్లయ్య నోటికొచ్చినట్టు తిట్టాడు కూడా. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఆదెయ్య చర్నాకోల పారేసి, తోటపని పార అందుకున్నాడు.

బుల్లయ్య నెత్తురు ఉమ్మాడు. “చంపితే చంపండయ్యా. ఆ ఆకు ఒక్కసారి చూపించి చంపండి.”

ఆదెయ్య ఆకును అతని మొహాన కొట్టాడు. బుల్లయ్య పాక్కుంటూ వెళ్లి కంచెలో ఒక గన్నేరాకు తుంచి, రెండూ పక్కపక్కన పెట్టాడు.

“గన్నేరాకు దళసరి. వెనక ఈనెలు దువ్వెన పళ్లలా ఉంటాయి, తడిమి చూడండి. ఇది పల్చన, నున్నన. నడిమి ఈనె ఒక్కటే కనబడుద్ది. ఇది పచ్చగన్నేరయ్యా. పసుప్పచ్చ పువ్వు, గంటలా వేలాడుద్ది. ఈ తోటలో ఒక్క మొక్క లేదు.”

“మరెక్కడుంది?”

బుల్లయ్య వేలెత్తి ఆదెయ్య ఇంటి పెరటివైపు చూపించాడు.

భార్య వెంకటరావమ్మ రోజూ శివుడి పటానికి పెట్టే పసుపు పూలు ఆదెయ్యకు అప్పుడు గుర్తొచ్చాయి. తన పెరట్లో ఆకు కోసి తన ఎద్దుకే పెట్టిన దొంగెవడో ఆమె చూసే ఉంటుంది. పారతోనే ఇంటికి నడిచాడు.

వెంకటరావమ్మ చచ్చిన ఎద్దు తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. మొన్న అతను కొట్టిన దెబ్బకు ఆమె ఎడమ కన్ను ఇంకా తెరుచుకోలేదు.

“కుడితిలో ఆకు వేసిందెవడే? పేరు చెప్పు, నరికి వస్తా.”

ఆమె తలెత్తి పారను చూసింది. బెదరలేదు.

“నేనేనండి. కిందపడ్డ అన్నం చేతి అలవాటు కొద్దీ ఎత్తి కుడితిలో పోశాను. పొద్దున మీరు కంచం తన్నకుండా తినుంటే, పాపం, ఎద్దు బతికేదండి.”